తెగిన దౌత్య సంబంధాలు మళ్లీ అతికే క్రమం: ముందు ఏది కదులుతుంది, దేన్ని పక్కన పెడతారు?

ప్రశ్నార్థకం (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి మాటామంతీ లేని రెండు దేశాల నాయకులు ఒకనాడు హఠాత్తుగా చేతులు కలుపుతారు, ఆ ఫొటో మరునాడు పత్రికల మొదటి పేజీల్లో వస్తుంది. ఆ ఫొటోకు ముందు ఏం జరిగిందో, ఆ తరువాత ఏమేం జరగాలో మాత్రం ఎక్కడా ఒక వరుసలో చదవడానికి దొరకదు.

నా ఆలోచనకు మూలం సౌదీ అరేబియా, ఇరాన్‌ల వ్యవహారం. 2016 జనవరిలో షియా మతాచార్యుడు నిమ్ర్ అల్-నిమ్ర్‌కు సౌదీ మరణశిక్ష అమలు చేయడం, టెహ్రాన్‌లో నిరసనకారులు సౌదీ రాయబార కార్యాలయంలోకి చొరబడి నిప్పు పెట్టడం, సౌదీ తెగతెంపులు ప్రకటించడం రెండు రోజుల వ్యవధిలో జరిగిపోయాయి. అతుకు వేయడానికి మాత్రం ఏడేళ్లకు పైగా పట్టింది. 2023 మార్చి 10న బీజింగ్‌లో వెలువడిన ప్రకటనను చూసి చైనా నాలుగు రోజుల్లో అద్భుతం చేసిందని చాలామంది రాశారు. అంతకు ముందు 2021 ఏప్రిల్ నుంచి బాగ్దాద్‌లో అనేక విడతల చర్చలు జరిగాయి, ఒమన్ కూడా తన వంతు ప్రయత్నం చేసింది. ఆ ప్రకటనలోనే ఇరాక్‌కు, ఒమన్‌కు కృతజ్ఞతలు తెలిపారు కూడా.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి మూడు. సంబంధాలు తెగిపోయాయంటే నిజంగా ఏది తెగుతుంది? అసలు తగాదా తీరకుండానే సంబంధాలు ఎలా మొదలవుతాయి? రాయబార కార్యాలయం తలుపులు తెరిస్తే పని పూర్తయినట్టేనా? తెలిసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

న్యాయవాచకం

అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించడం నా వృత్తి కనుక మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

1961 నాటి వియన్నా దౌత్య సంబంధాల ఒప్పందం రెండో అధికరణం ప్రకారం దౌత్య సంబంధాలు ఏర్పడేది పరస్పర అంగీకారంతోనే. తెంచుకోవడానికి మాత్రం ఒక్కరి నిర్ణయం చాలు. మళ్లీ కలవాలంటే తిరిగి ఇద్దరూ ఒప్పుకోవాలి. పునరుద్ధరణ అంత నిదానంగా సాగడానికి సగం కారణం ఇక్కడే ఉంది.

అయితే తెంచుకున్నా అంతా తెగదు. యుద్ధం వచ్చినా సరే, వెళ్లిపోయిన దేశపు రాయబార భవనాన్ని, ఆస్తిని, దస్తావేజులను గౌరవించి కాపాడవలసిన బాధ్యత ఆతిథ్య దేశానిదేనని 45వ అధికరణం చెబుతుంది. ఆ భవనం తాళాలను, తన పౌరుల మంచిచెడ్డలను మూడో దేశానికి అప్పగించే వీలు కూడా అందులోనే ఉంది. దౌత్య సంబంధాలు పోయినంత మాత్రాన కాన్సులర్ సంబంధాలు, అంటే వీసాలు, పౌరుల సహాయం లాంటి సేవల ఏర్పాట్లు, వాటంతటవి రద్దు కావని 1963 నాటి మరో వియన్నా ఒప్పందం చెబుతుంది. అంటే తెంచుకునేవాళ్లు కూడా ఒక పోగు తెగకుండా ఉంచుకునేలా చట్టమే ముందుచూపుతో ఏర్పాటు చేసింది.

ఆ పోగు ఎంత కాలం నిలుస్తుందో చూడాలంటే క్యూబాను చూడాలి. 1961 జనవరి 3న అమెరికా క్యూబాతో సంబంధాలు తెంచుకుంది. హవానాలో అమెరికా ప్రయోజనాలను చూసే బాధ్యత స్విట్జర్లాండ్ తీసుకుంది. 1977లో రెండు దేశాలూ ఒకరి రాజధానిలో మరొకరు "ప్రయోజనాల విభాగం" తెరవడానికి ఒప్పుకున్నాయి. హవానా సముద్ర తీరాన ఉన్న తమ పాత రాయబార భవనంలోకే అమెరికన్ దౌత్యవేత్తలు తిరిగి వచ్చారు. కాగితం మీద మాత్రం వాళ్లు స్విస్ రాయబార కార్యాలయంలో ఒక విభాగం. ఆ ఏర్పాటు దాదాపు 38 ఏళ్లు నడిచింది. 2015 జులై 20న సంబంధాలు పునరుద్ధరించినప్పుడు భవనం అదే, సిబ్బంది వాళ్లే, వీసా కోసం నిలబడే వరుసా అదే. మారింది హోదా.

చరిత్రపుటలు

న్యాయవాచకం గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. నేను అంతకు ముందటి దశ గురించి, అంటే ఎవరు ముందు నోరు విప్పాలన్న చిక్కు గురించి రాస్తాను. తెగిన సంబంధంలో అన్నిటికంటే కష్టమైనది మొదటి మాట. ముందు పలకరించినవాడు మెట్టు దిగినట్టవుతుంది. పలకరించాక అవతలివాడు మొహం తిప్పుకుంటే స్వదేశంలో పరువు పోతుంది. అందుకే మొదటి సంకేతం ఎప్పుడూ "మేం అలా అనలేదే" అని చెప్పుకోవడానికి వీలున్నదై ఉంటుంది.

1971 ఏప్రిల్‌లో జపాన్‌లోని నగోయాలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు జరుగుతున్నాయి. అమెరికా ఆటగాడు గ్లెన్ కోవన్ చైనా జట్టు బస్సెక్కాడు. అమెరికన్లతో కలివిడిగా ఉండరాదన్న కట్టడి చైనా క్రీడాకారులకు ఉండడంతో బస్సులో ఎవరూ పలకలేదు. కొంత సేపటికి వెనుక సీటులో ఉన్న చాంపియన్ జువాంగ్ జెడాంగ్ లేచి ముందుకు వచ్చి, దుబాసీ సాయంతో పలకరించి, హువాంగ్‌షాన్ కొండల దృశ్యం ముద్రించిన పట్టుగుడ్డ ఒకటి అతని చేతిలో పెట్టాడు. బస్సు ఆగేసరికి ఫొటోగ్రాఫర్లు సిద్ధంగా ఉన్నారు. కొద్ది రోజుల్లోనే అమెరికా జట్టుకు చైనా నుంచి ఆహ్వానం అందింది.

ఈ కథను ఇక్కడితో ఆపితే ఆ పట్టుగుడ్డే చరిత్రను మార్చిందన్న భ్రమ మిగులుతుంది. నిజానికి అంతకు ముందే 1955 నుంచి జెనీవాలోనూ తరువాత వార్సాలోనూ రెండు దేశాల రాయబారులు 136 సార్లు కూర్చున్నారు. ఆ సమావేశాల్లో చాలావరకు ఏమీ తేలలేదు, అయినా కుర్చీలు ఖాళీ కాలేదు. పాకిస్తాన్ ద్వారా రహస్య వర్తమానాలు నడుస్తున్నాయి. నగోయా పోటీలకు కొద్ది రోజుల ముందే, 1971 మార్చిలో, అమెరికా తన పాస్‌పోర్టులపై చైనా ప్రయాణానికి ఉన్న ఆంక్షను ఎత్తివేసింది. నేల అప్పటికే తడిసి ఉంది. విత్తనం బస్సులో పడింది, మొలిచింది. జులైలో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ పాకిస్తాన్ పర్యటనలో ఉండగా కడుపునొప్పి అని చెప్పించి, ఎవరికీ తెలియకుండా బీజింగ్ వెళ్లి వచ్చారు. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ వెళ్లారు.

గమనించవలసింది ఆ తరువాతి కాలం. నిక్సన్ చేయి కలిపింది 1972లో, పూర్తి దౌత్య సంబంధాలు అమల్లోకి వచ్చింది 1979 జనవరి 1న. మధ్యలో 1973 నుంచి రెండు రాజధానుల్లోనూ ఉన్నవి అనుసంధాన కార్యాలయాలే. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ బీజింగ్‌లో అలాంటి కార్యాలయానికి అధిపతిగా పనిచేశారు. రాయబారి చేసే పనులన్నీ చేశారు, రాయబారి అన్న పేరు మాత్రం లేదు.

ప్రశ్నార్థకం

ఆ ఏడేళ్లు దేనికి పట్టాయి? చేతులు కలిపాక కూడా అన్నేళ్లు ఆగవలసిన అవసరం ఏమిటి?

చరిత్రపుటలు

తైవాన్ చైనాలో భాగమా కాదా అన్న తగాదా వల్ల. పైగా రెండు దేశాల్లోనూ ఆ మధ్యకాలంలో అంతర్గత రాజకీయాలు తలకిందులయ్యాయి. నిక్సన్ పదవి వదులుకున్నారు, చైనాలో మావో, జౌ ఎన్‌లై ఇద్దరూ 1976లో మరణించారు.

అసలు పీటముడి తీరును 1972 నాటి షాంఘై ప్రకటన చూపిస్తుంది. సాధారణంగా ఉమ్మడి ప్రకటన అంటే ఇద్దరూ అంగీకరించిన మాటలే ఉంటాయి. దీనిలో అలా కాదు. అమెరికా తన అభిప్రాయాలు తాను, చైనా తన అభిప్రాయాలు తాను విడివిడిగా రాసుకున్నాయి. తైవాన్ జలసంధికి ఇరువైపులా ఉన్న చైనీయులందరూ చైనా ఒక్కటేనని, తైవాన్ అందులో భాగమని అంటున్నారన్న సంగతిని అమెరికా "గుర్తించింది", ఆ వైఖరిని సవాలు చేయబోమని చేర్చింది. ఔనని ఒప్పుకోలేదు, కాదని తోసిపుచ్చలేదు. మన తెలుగులో కూడా "గుర్తించడం" అన్న మాటకు ఒక విషయాన్ని గమనించడమనీ, ఒక హక్కును అంగీకరించడమనీ రెండు అర్థాలున్నాయి కదా, సరిగ్గా ఆ రెండర్థాల మధ్య సందులోనే ఆ వాక్యం నిలబడింది. 1972 చైనీస్ ప్రతిలో ఆ క్రియకు "తెలుసుకుంది" అనిపించే మాట వాడారు. సంబంధాలను స్థాపించిన ప్రకటనకు వచ్చేసరికి చైనీస్ ప్రతిలో "అంగీకరించింది" అని బలంగా ధ్వనించే మాట వచ్చింది, ఇంగ్లీషు ప్రతిలోని మాట మాత్రం మారలేదు. ఎవరి ప్రతిని వాళ్లు తమ ప్రజలకు చదివి వినిపించుకున్నారు.

మాధవి_రా

మీ రెండో ప్రశ్నకు, అంటే తగాదా తీరకుండానే సంబంధాలు ఎలా మొదలవుతాయన్న దానికి, బ్రిటన్, అర్జెంటీనాలు చూపిన దారి నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది.

ఫాక్‌లాండ్ దీవుల కోసం 1982లో యుద్ధం జరిగింది. అర్జెంటీనా వాటిని మాల్వినాస్ అంటుంది. యుద్ధంలో అర్జెంటీనా ఓడిపోయింది, దీవులు తనవేనన్న వాదన మాత్రం వదులుకోలేదు. బ్రిటన్ సార్వభౌమత్వం గురించి మాట్లాడడానికే సిద్ధంగా లేదు. ఏడేళ్లు అలాగే గడిచాయి. ఆ కాలమంతా బ్యూనస్ ఎయిర్స్‌లో బ్రిటన్ వ్యవహారాలను స్విట్జర్లాండ్, లండన్‌లో అర్జెంటీనా వ్యవహారాలను బ్రెజిల్ చూశాయి.

1989 అక్టోబరులో మాడ్రిడ్‌లో ప్రతినిధులు కూర్చుని ఒక సూత్రం రాసుకున్నారు. దాన్ని "గొడుగు" అంటారు. దాని సారాంశం ఇది: ఈ చర్చల్లో మేం ఏం మాట్లాడినా, ఏ ఒప్పందం చేసుకున్నా, దాని ఆధారంగా ఏదైనా పని చేసినా, దీవుల సార్వభౌమత్వంపై మా వైఖరి మారినట్టుగా గాని ఎదుటివారి వైఖరిని ఒప్పుకున్నట్టుగా గాని ఎవరూ అర్థం చేసుకోరాదు. 1990 ఫిబ్రవరిలో దౌత్య సంబంధాలు తిరిగి మొదలయ్యాయి.

ఇలాంటి వాక్యం లేకపోతే ఏమవుతుందో ఊహించండి. దీవుల చుట్టూ చేపల వేటకు హద్దులు మాట్లాడుకోవాలన్నా, మునిగిపోతున్న పడవను కాపాడడానికి రెండు నౌకాదళాలు రేడియోలో పలకరించుకోవాలన్నా, "ఇలా చేస్తే రేపు కోర్టులో మనం హక్కు వదులుకున్నట్టు చూపిస్తారేమో" అన్న భయం అధికారులను కట్టిపడేస్తుంది. గొడుగు ఆ భయాన్ని తీసేసింది. తగాదా ఎక్కడిదక్కడే ఉంది, నేటికీ ఉంది. దాని కింద పని మాత్రం జరిగింది. తగాదాను పక్కన పెట్టడమంటే పిరికితనమని చాలామంది అనుకుంటారు. దాన్ని ఎక్కడ, ఏ మాటలతో, ఎంత జాగ్రత్తగా పెట్టాలో తెలియడమే దౌత్యవేత్త నేర్చుకున్న విద్య అని నా నమ్మకం.

ఉత్తరాయణం

మాధవి గారూ, మీ మాటలో కొంత నిజముంది గాని ఇంత సునాయాసంగా ఒప్పుకోలేను. పక్కన పెట్టడం ప్రభుత్వాలకు సులువు. పక్కన పెట్టిన దాని కింద ఎవరు పడి ఉన్నారో కూడా చూడాలి.

జపాన్, దక్షిణ కొరియాల మధ్య చర్చలు 1951లో మొదలై, 1965 జూన్ 22న ఒప్పందంతో ముగిశాయి. పద్నాలుగేళ్లు. చర్చలకు వ్యతిరేకంగా విద్యార్థులు వీధుల్లోకి వస్తే 1964లో సియోల్‌లో సైనిక శాసనం విధించారు. కొరియాను జపాన్ కలిపేసుకున్న 1910 నాటి ఒప్పందం "ఇప్పటికే చెల్లదు" అని రాసుకున్నారు. ఎప్పటి నుంచి చెల్లదో రాయలేదు. మొదటి నుంచీ చెల్లదని కొరియా, 1945 తరువాత చెల్లకుండా పోయిందని జపాన్ చెప్పుకున్నాయి. చరిత్రపుటలు గారు చెప్పిన చమత్కారమే ఇక్కడా ఉంది.

జపాన్ 30 కోట్ల డాలర్ల గ్రాంటు, 20 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. పౌరుల క్లెయిములన్నీ "సంపూర్ణంగా, అంతిమంగా" పరిష్కారమైనట్టు రాశారు. గనుల్లోను, కర్మాగారాల్లోను బలవంతంగా పని చేయించబడిన వాళ్లను ఎవరూ అడగలేదు. సైనిక లైంగిక బానిసత్వంలో నలిగిపోయిన స్త్రీల ఊసే ఆ ఒప్పందంలో లేదు. 1991 ఆగస్టులో కిమ్ హక్-సున్ అనే వృద్ధురాలు తన పేరుతో, తన ముఖంతో బయటికి వచ్చి తనకు జరిగింది చెప్పారు. ఒప్పందం జరిగి అప్పటికి 26 ఏళ్లు. 2018లో దక్షిణ కొరియా సుప్రీంకోర్టు బలవంతపు శ్రామికులకు జపాన్ కంపెనీలు పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది, మరుసటి ఏడు ఆ వివాదం వాణిజ్యానికీ పాకింది. పక్కన పెట్టామనుకున్నది నివురుగప్పి ఉంది, అంతే.

ఆ వృద్ధురాలు మాట్లాడడానికి 26 ఏళ్లు ఆగవలసి వచ్చినప్పుడు ఆ ఒప్పందాన్ని విజయమనడానికి నా మనసు ఒప్పదు.

సుధీర

ఉత్తరాయణం గారి బాధ నాకు అర్థమవుతోంది. దానికి జవాబుగా కాదు, తోడుగా ఒక ఉదాహరణ ఇస్తాను. అమెరికా, వియత్నాంల పునరుద్ధరణ ప్రాంతంతోనో వాణిజ్యంతోనో మొదలు కాలేదు. ఎముకలతో మొదలైంది.

1975లో యుద్ధం ముగిసేటప్పటికి రెండు వేల మందికి పైగా అమెరికన్ సైనికుల జాడ తెలియలేదు. వాళ్ల లెక్క తేలే వరకు ఏ సంబంధమూ వద్దని కుటుంబాలు పట్టుబట్టాయి. 1988 నుంచి రెండు దేశాల బృందాలు కలిసి వెతకడం మొదలుపెట్టాయి. 1991లో అమెరికా దశలవారీ ప్రణాళిక ఒకటి వియత్నాం ముందుంచింది, అదే ఏడు హనోయ్‌లో ఈ వెతుకులాట కోసమే ఒక కార్యాలయం వెలిసింది. రాయబార కార్యాలయం కంటే నాలుగేళ్ల ముందు వచ్చిన కార్యాలయం అది. తరువాత 1994 ఫిబ్రవరిలో వాణిజ్య నిషేధం ఎత్తివేత, 1995 జనవరిలో అనుసంధాన కార్యాలయాలు, జులై 11న సంబంధాల ప్రకటన వరుసగా వచ్చాయి.

ఆ వెతుకులాట ఎలా ఉంటుందంటే, విమానం కూలిందని ఊరి పెద్దలు చూపించిన పొలంలో గళ్లు గళ్లుగా తాళ్లు కట్టి, మట్టిని బకెట్లకెత్తి, చేతి నుంచి చేతికి అందిస్తూ జల్లెడ దగ్గరికి చేరుస్తారు. పన్ను ముక్క, బొత్తం, విమాన రేకు తునక, ఏది దొరికినా సంచిలో వేసి గుర్తు రాస్తారు. 2000 నవంబరులో అధ్యక్షుడు క్లింటన్ హనోయ్ సమీపాన అలాంటి ఒక తవ్వకాన్ని చూడడానికి వెళ్లారు. 1967లో అక్కడ కూలిపోయిన పైలట్ కొడుకులిద్దరూ ఆయన వెంట ఉన్నారు. మట్టి మోస్తున్న వాళ్లలో చాలామంది ఆ ఊరి వాళ్లే. లక్షల సంఖ్యలో ఉన్న తమ సొంత గల్లంతైన బిడ్డల జాడ అప్పటికి తెలియని దేశం వాళ్లది. ఈ ఒక్క విషయం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

యుద్ధం తరువాత మొదటి అమెరికన్ రాయబారిగా 1997లో హనోయ్‌కి వచ్చిన పీట్ పీటర్సన్ 1966లో అక్కడే విమానం కూలి పట్టుబడి, ఆరేళ్లకు పైగా ఖైదీగా ఉన్న మనిషి. ఆ ఎంపిక యాదృచ్ఛికం కాదు. కోపగించుకునే హక్కు ఎక్కువగా ఉన్నవాడే ముందుకొస్తే మిగతావాళ్ల నోళ్లు కొంత నెమ్మదిస్తాయి.

మాధవి_రా

సుధీర గారి పోస్టు చదివాక నేను ముందు రాసినదాన్ని సవరించుకోవాలనిపిస్తోంది. భూమిని గొడుగు కింద పెట్టవచ్చు. దీవి ఎక్కడికీ పోదు, నూరేళ్లైనా అక్కడే ఉంటుంది. ఖైదీలు, గల్లంతైనవాళ్లు, బాధితులు అలా కాదు. వాళ్లకోసం ఎదురుచూసేవాళ్లు ముసలివాళ్లవుతారు. ఉత్తరాయణం గారు అభ్యంతరపెట్టింది మనుషులను పక్కన పెట్టడం మీద అనుకుంటాను, ఆ అభ్యంతరం న్యాయమైనది.

నేను చెప్పిన ఫాక్‌లాండ్స్‌లోనే దీనికి సాక్ష్యం ఉంది. అక్కడి డార్విన్ శ్మశానంలో అర్జెంటీనా సైనికుల సమాధుల్లో సగానికి పైగా పేరు లేనివి. "దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు" అని రాసిన రాళ్లే ఉండేవి. 2016 డిసెంబరులో రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్నాక, మరుసటి ఏడు రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ నిపుణులు 122 మంది అవశేషాలను వెలికితీసి, డీఎన్‌ఏ నమూనాలు తీసి, అదే రోజు మళ్లీ పూడ్చిపెట్టారు. 2018 మార్చిలో కుటుంబాలు వెళ్లేసరికి తొలి విడతగా 90 రాళ్ల మీద పేర్లున్నాయి. సార్వభౌమత్వం గురించి ఒక్క అక్షరం మారలేదు. ఇది జరగడానికి సంబంధాలు మొదలైన తరువాత కూడా 28 ఏళ్లు పట్టింది. అది ముందే జరగవలసిందని ఇప్పుడు నేనూ అంటాను.

ఉత్తరాయణం

ఆ మాటతో ఏకీభవిస్తున్నాను. ధన్యవాదాలు.

న్యాయవాచకం

మనుషుల తరువాత, భూమికి ముందు, డబ్బు కూడా ఉంది. దాని గురించి ఎవరూ రాయలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. తెగతెంపులప్పుడు జప్తు చేసిన ఆస్తులు, స్తంభింపజేసిన ఖాతాలు ఇరువైపులా ఉంటాయి. చైనా, అమెరికాలు సంబంధాలు మొదలైన కొద్ది నెలలకే, 1979 మేలో, క్లెయిములను 8.05 కోట్ల డాలర్లకు పరిష్కరించుకున్నాయి. వియత్నాం విషయంలో అది అనుసంధాన కార్యాలయాలతో పాటే, 1995 జనవరిలో జరిగింది. క్యూబా విషయంలో అమెరికా కమిషన్ ధ్రువీకరించిన 5,913 క్లెయిములు, అసలు మొత్తం దాదాపు 190 కోట్ల డాలర్లు, రాయబార కార్యాలయాలు తెరిచినా అలాగే ఉండిపోయాయి. అటు ఆంక్షల వల్ల కలిగిన నష్టానికి క్యూబా తన లెక్క తాను చూపుతోంది. లెక్క తేల్చుకున్న చోట వ్యాపారం త్వరగా ఊపందుకుంది, తేల్చని చోట ఊపందుకోలేదు.

మరొక చిన్న సవరణ. తెగిపోవడం వేరు, స్థాయి తగ్గించుకోవడం వేరు. 1962 యుద్ధం తరువాత భారత్, చైనాలు సంబంధాలు తెంచుకోలేదు. రాయబారులు లేరు, కార్యాలయాలు ఛార్జి డి అఫేర్స్ స్థాయిలో, అంటే రాయబారి కంటే కింది హోదా అధికారి ఆధ్వర్యంలో, నడిచాయి. 1976లో కె. ఆర్. నారాయణన్ గారిని రాయబారిగా బీజింగ్ పంపారు. 1979లో విదేశాంగ మంత్రిగా వాజ్‌పేయి గారు, 1988లో ప్రధానిగా రాజీవ్ గాంధీ గారు వెళ్లారు. సరిహద్దు వెంబడి శాంతి నెలకొల్పుకునే ఒప్పందం 1993లో కుదిరింది. సరిహద్దు ఎక్కడన్నది మాత్రం దానిలో తేల్చలేదు. మాధవి గారి గొడుగు ఇక్కడ వేరే పేరుతో ఉంది. 1971 యుద్ధంతో తెగిన భారత్, పాకిస్తాన్‌ల సంబంధాలు కూడా సిమ్లా ఒప్పందం జరిగిన నాలుగేళ్లకు, 1976లో తిరిగి మొదలయ్యాయి. సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆ జులైలోనే పట్టాలెక్కింది.

ప్రశ్నార్థకం

మూడో ప్రశ్న మిగిలింది. ఇథియోపియా, ఎరిత్రియాలు 2018లో కొన్ని వారాల్లోనే అంతా పూర్తి చేశాయి కదా? అంత వేగం సాధ్యమైనప్పుడు మిగతావాళ్లు దశాబ్దాలు ఎందుకు తీసుకోవాలి?

సుధీర

ఆ ఉదాహరణను తలచుకుంటే సంతోషం, బాధ రెండూ కలుగుతాయి.

1998 నుంచి 2000 వరకు సాగిన యుద్ధంలో పదుల వేలమంది చనిపోయారు. బాద్మె పట్టణం ఎరిత్రియాదేనని 2002లో సరిహద్దు కమిషన్ తేల్చింది, ఇథియోపియా అమలు చేయలేదు. పదహారేళ్ల తరువాత కొత్త ప్రధాని అబీ అహ్మద్ ఆ తీర్పును అంగీకరిస్తానన్నారు. 2018 జులై 9న అస్మారాలో ఉమ్మడి ప్రకటన వెలువడింది. ఆ రోజుల్లోనే రెండు దేశాల మధ్య నేరుగా ఫోన్లు కలిశాయి. ఇరవై ఏళ్లుగా తోబుట్టువుల గొంతు వినని వాళ్లు పాత పుస్తకాల్లో రాసుకున్న నంబర్లు వెతికి పట్టుకున్నారు. అవతల తెలిసినవాళ్లెవరూ లేని ఇథియోపియన్లు కూడా ఏదో ఒక ఎరిత్రియా నంబరు నొక్కి, ఎత్తిన అపరిచితుడితో ఎలా ఉన్నారని పలకరించారు. జులై 18న తొలి ప్రయాణికుల విమానం వెళ్లింది. సెప్టెంబరులో సరిహద్దు దారులు తెరిస్తే ఇరువైపుల జనం కౌగలించుకుని ఏడ్చారు.

కొద్ది నెలలకే ఆ దారులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కారణం వివరంగా ఎవరూ ప్రకటించలేదు. నాకు కనిపించేది ఒకటే: సుంకం ఎంత, ఏ కరెన్సీ చెల్లుతుంది, దాటడానికి ఏ కాగితం కావాలి, ఎవరు తనిఖీ చేయాలి అన్న నిబంధనలు సరిహద్దులో కుదరనే లేదు. ఇద్దరు నాయకుల మధ్య కుదిరింది ఇద్దరి దగ్గరే ఉండిపోయింది. మూసేటప్పుడు ఏ ఒప్పందాన్ని ఉల్లంఘించారని అడగడానికి ఒప్పందమంటూ ఉండాలి కదా. దశాబ్దాలు పట్టిన చోట ఆ కాలమంతా వృథా కాలేదు, అలాంటి కాగితాలు తయారుచేయడానికే పట్టింది.

చరిత్రపుటలు

దీనికి ఎదురు ఉదాహరణగా క్యూబాను మళ్లీ చూడవచ్చు. 2015 మేలో అమెరికా తన ఉగ్రవాద ప్రోత్సాహక దేశాల జాబితా నుంచి క్యూబాను తొలగించింది, 2021 జనవరిలో తిరిగి చేర్చింది. ప్రయాణాల మీద, డబ్బు పంపడం మీద ఆంక్షలు మళ్లీ బిగిశాయి. కానీ రెండు రాయబార కార్యాలయాలూ మూతపడలేదు. రాజకీయం వెనక్కి నడిచినా, నిర్మించిన సంస్థ ఎంతో కొంత నిలిచింది. తలుపులు తెరవడంతో పని పూర్తికాదు, అయినా తెరిచిన తలుపును మూయడం తెరవని తలుపును అలాగే ఉంచడమంత తేలిక కాదు.

2015 ఆగస్టు 14న హవానాలో అమెరికా పతాకాన్ని ఎగురవేసినప్పుడు, 1961లో అదే భవనం మీద నుంచి దాన్ని దించిన ముగ్గురు మెరైన్లు వచ్చి కొత్త పతాకాన్ని అందించారు. ముగ్గురూ అప్పటికి డెబ్బై దాటినవాళ్లు.

ప్రశ్నార్థకం

అందరికీ కృతజ్ఞతలు. ఇంత లోతుగా జవాబులు వస్తాయనుకోలేదు. చివరిగా ఒకటి అడుగుతాను. నేను మొదలుపెట్టిన సౌదీ, ఇరాన్‌ల విషయంలో ప్రకటన తరువాత ఏం జరిగింది? దేన్ని గమనిస్తూ ఉండాలి?

న్యాయవాచకం

యాత్రికులను గమనించండి. 2016 హజ్‌కు ఇరాన్ యాత్రికులు వెళ్లలేదు. సంబంధాలు తెగే ఉన్నప్పటికీ 2017లో రెండు ప్రభుత్వాలూ ఏర్పాట్లు మాట్లాడుకుని వాళ్లను పంపగలిగాయి. నేను ముందు చెప్పిన తెగని పోగు ఇక్కడ అదే.

2023 మార్చి ప్రకటన రెండు నెలల గడువు పెట్టింది. ఏప్రిల్‌లో రెండు వైపుల నుంచి సాంకేతిక బృందాలు వెళ్లి, ఏడేళ్లుగా మూసి ఉన్న భవనాల తాళాలు తీయించి చూశాయి. జూన్ 6న రియాద్‌లో ఇరాన్ రాయబార కార్యాలయం తెరుచుకుంది. టెహ్రాన్‌లోని సౌదీ భవనం 2016 దాడిలో దెబ్బతిని ఉండడంతో, మరమ్మతులు జరిగే వరకు సౌదీ దౌత్యవేత్తలు ఒక హోటల్ నుంచి పనిచేశారు. సెప్టెంబరు 5న ఇద్దరు రాయబారులూ ఒకే రోజున ఒకరి రాజధానికి మరొకరు చేరుకున్నారు. ఎవరు ముందు వచ్చారన్న మాట రాకుండా చూసుకున్నారన్నమాట. ఉమ్రా యాత్రకు మాత్రం మరికొంత కాలం పట్టింది. ఏడాది పొడవునా సాగే ఆ యాత్ర కోసం ఇరాన్ నుంచి తొలి బృందం టెహ్రాన్ విమానాశ్రయంలో విమానమెక్కింది 2024 ఏప్రిల్‌లో.